కండె అయిపోయిన చోట

అమావాస్య నాడు ఎమ్మిగనూరులో మగ్గం ఆడదు. ఎందుకాడదని చాలామంది నేతగాళ్ళను అడిగాను. పెద్దలు పెట్టిన కట్టు అన్నారు కొందరు. ఆ రోజు నేస్తే దారం నిలవదన్నారు ఇంకొందరు. నాకేమో, నెలంతా మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని కూర్చునే మనిషికి ఒక్క రోజైనా నడుము వాల్చే వీలు కల్పించాలని ఏ కాలంలోనో ఒక తెలివైనవాడు చంద్రుణ్ణి అడ్డం పెట్టుకున్నాడనిపిస్తుంది. కారణం ఏదైనా కానీ, ఆ రోజు ఆ వీధి వేరే వీధి. మిగతా రోజుల్లో ప్రతి గుమ్మం లోపలి నుంచీ వినిపించే టకటక ఉండదు. ఎవరో గాఢనిద్రలో ఉన్నారని ఊరంతా మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. అరుగుల మీద మగవాళ్ళు మోకాళ్ళు చుట్టి పట్టుకుని కూర్చుంటారు. రంగు వేసి ఆరేసిన నూలు చిలపలు, ఆ పెద్ద దారపు చుట్టలు, గాలికి ఊగుతుంటే వాటి నీడలకు కూడా రంగు అంటిందేమో అనిపిస్తుంది.

నేను ఆదోనిలో ఉంటాను. లెక్కల మాస్టరు ఉద్యోగం అయిపోయాక, అమావాస్య నాడు పొద్దున్నే బస్సెక్కి ఎమ్మిగనూరు పోవడం అలవాటు చేసుకున్నాను. అక్కడ నా చిన్ననాటి స్నేహితుడున్నాడు. పదో తరగతి దాకా ఒకే బెంచి మీద కూర్చున్నాం. తర్వాత నేను పైచదువులకు పోయాను, వాడు తండ్రి మగ్గం గుంటలోకి దిగాడు. ఇప్పటికీ అందులోనే ఉన్నాడు. దుప్పట్లు నేస్తాడు.

ఆ గంట ప్రయాణం గురించి బాగా రాయాలని ఉంది. ఆదోని దాటేదాకా మిల్లుల నుంచి ఎగిరిన దూది కిటికీలకు అంటుకోవడం, ఆ తర్వాత నల్లరేగడి మీద ఎండ సాగిపోవడం, దూరంగా గొర్రెల మంద ఒక మబ్బు నీడలా కదలడం. కానీ కొన్నేళ్ళ పాటు ఇవేవీ నేను చూడలేదు. చూసింది నా అరచేతినే. ఫోనులో మాకొక గ్రూపు ఉంది. మూఢనమ్మకాల మీద పోరాడేవాళ్ళం, మాతో పోరాడేవాళ్ళు, అందరం అందులోనే ఉన్నాం. నా యవ్వనమంతా చర్చావేదికల మీద గడిచింది. ఎదుటివాడి వాక్యంలో బీటలు వెతకడం నాకు అన్నం తిన్నంత సహజం. వేదికలు పోయాయి, ఫోను వచ్చింది. తీరిక దొరికితే చాలు, బొటనవేలు దానంతట అదే కదిలేది. దీన్ని అలవాటని అనుకోలేదు. ఉద్యమం అనుకున్నాను.

ఒక ఏడాది వేసవి చివర్లో వచ్చిన అమావాస్యతో ఇదంతా మొదలైంది. మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నేను, వాడు, వాడి భార్య. జొన్నరొట్టె, పుంటికూర. వాడు రొట్టెను గింజలంత ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కనీ పెదవుల మధ్య నుంచి లోపలికి తోసుకుంటున్నాడు.

"ఏందప్పా, పిట్టకు పెట్టినట్ల తింటాండావు" అన్నాను.

వాడు ఇంకో ముక్క తుంచాడు. ఆమె చెప్పింది. "నోరు తెరుచుకుంటలేదన్నా. మూడు నెల్లాయె. కారం తగిలితే కండ్లెమ్మట నీళ్ళు. ఆదోనికి పోయి సూపించుకో అంటే, మగ్గం దిగేకి తీరిక లేదంట. పొద్దుగూకులు ఆ గుట్కా నమిలేకి మాత్రం తీరికుండాది."

"ఈ రోజు మగ్గం లేదు గదా" అన్నాను.

"మగ్గం లేనిరోజే ఇంకా జాస్తి" అన్నాడు వాడు. మూసిన తలుపు సందులోంచి వచ్చినట్టుంది ఆ మాట. "చేతులకు పని లేకపోతే అవి జేబులోకే పోతాయప్పా."

ఆ వారమే ఆదోనిలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. చిన్న వయసు. దీపం వేసి చాలాసేపు చూసింది. తర్వాత వాడి చేతి మూడు వేళ్ళను జత చేసి, నిలువుగా నోట్లో పెట్టుకోమంది. రెండు వేళ్ళు పట్టాయి, రెండోది కూడా కష్టం మీద. బుగ్గ లోపల ఒక తెల్లటి మచ్చ ఉందని, బుగ్గలు లోపల బిగుసుకుపోతున్నాయని చెప్పింది. గుట్కా ఈ రోజే ఆపితే ఇది ఇక్కడ ఆగొచ్చు, ఆపకపోతే ఆ మచ్చ ఏమవుతుందో తాను చెప్పలేనంది. ఐస్‌క్రీం పుల్లలు ఒక కట్టగా పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని రోజూ చాలాసార్లు నోరు సాగదీయమంది, మెల్లగా ఒక్కో పుల్లా పెంచమంది. మాఘమాసం నాటికి మళ్ళీ రమ్మంది. బయటికొచ్చాక వాడు పుల్లల కట్టను చూస్తూ, "ఐస్‌క్రీం లేకుండా వుత్త పుల్లలిచ్చిందే ఈయమ్మ" అన్నాడు. నవ్వబోయి బుగ్గ పట్టుకున్నాడు.

పుల్లలు ఇంట్లో గూట్లో ఉండిపోయాయి. గుట్కా జేబులో ఉండిపోయింది. శ్రావణం వచ్చింది.

శ్రావణమాసమంటే మా వైపు దారులన్నీ ఉరుకుంద ఈరన్న గుడికే పోతాయి. బస్సుల్లో నిలబడే చోటు ఉండదు. తాగేవాడు ఆ నెల తాగడు, మాంసం తినేవాడు తినడు, కొందరు చెప్పులు కూడా వేసుకోరు. నా స్నేహితుడు మొదటి సోమవారమే వెళ్ళి ఈరన్నకు మొక్కుకుని వచ్చాడు, ఈ నెలంతా గుట్కా ముట్టనని. నిజంగానే ముట్టలేదు. పన్నెండో రోజు నేను పోయేసరికి మగ్గం మీద పాట పాడుతూ కనబడ్డాడు. మాట కొంచెం వదులైంది. వాడి భార్య ముఖంలో చాలాకాలానికి ఒక వెలుగు చూశాను.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను. నాలాంటివాడు తప్ప ఎవరూ చేయని తప్పు అది.

మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. బయట సన్నగా తుంపర. ఇంటి నిండా తడి నూలు వాసన. అంత మంచి మధ్యాహ్నం పూట వాడితో వాదం పెట్టుకున్నాను.

"నోరు నీది, జేబు నీది. నడుమ ఈరన్న ఎందుకు?" అన్నాను.

"ఆయప్ప ఉండాడని ఒక భయమప్పా."

"మరి శ్రావణం అయిపోయిన మర్నాడు? భయం ఉరుకుందలో ఉంటాది, నువ్వు ఈడుంటావు. నీ మాట నీకు నువ్వు ఇచ్చుకోలేవా? నీ మీద నీకు అంత చులకనా?"

వాడు దారాల మధ్య అటూ ఇటూ పోయే నాడె ఆపి ఆలోచించాడు. నేను ఇంకా చెప్పాను. మొక్కు అనేది మనిషి తన బాధ్యతను ఇంకొకరి తల మీద పెట్టడమన్నాను. బుద్ధితో మానినవాడే మానినట్టు, భయంతో మానినవాడు వాయిదా వేసినట్టు అన్నాను. అవన్నీ ఎన్నోసార్లు వేదికల మీద అన్న మాటలే. నోటికి అలవాటైన మాటలకు ఒక లయ ఉంటుంది. వాడి కళ్ళు మెల్లగా నా వైపుకు వస్తుంటే నాకు పాత రోజులు గుర్తొచ్చాయి, సభలో మూడో వరుసలో కూర్చున్న మనిషి తల ఊపడం మొదలుపెట్టే క్షణం.

"నువ్వు సెప్పేది నిజమేప్పా" అన్నాడు చివరికి. గోడకున్న పటం వైపు చూసి, "ఈరన్నా, ఇంగ ఇది నీకు సంబంధం లేదు. నేను సూసుకుంటాలే" అన్నాడు.

వాడి భార్య రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతోంది. చక్రం ఆగింది.

తిరుగు బస్సులో ఈ కథనంతా గ్రూపులో రాశాను. పేరు చెప్పలేదు, 'ఒక నేతన్న' అన్నాను. మెచ్చుకోళ్ళు కురిశాయి. ఆదోని కొండలు కనిపించేదాకా తల ఎత్తలేదు.

శ్రావణం ఇంకా పది రోజులుందనగా వాడి భార్య ఫోను చేసింది. మొదలుపెట్టాడట. పడుగు నూలు బుట్ట కింద పొట్లాలు దాచాడట. "ఇన్నేండ్లు ఎదురుగానే తినె. ఇప్పుడు దాసిపెట్టుకుంటాండాడన్నా" అంది. దాచుకోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టినట్టుంది.

శ్రావణ అమావాస్యకు వెళ్ళాను. గుమ్మంలోనే ఆమె. కూర్చోమనలేదు.

"నువ్వు గెలిసినావన్నా" అంది. "ఆయన ఓడిపాయె. ఒక నెల ఆగింటే ఏం పోతుండె నీకు? నెలకు నెల మొక్కు కట్టుకుంటా పోయేవాడేమో."

"మళ్ళీ మొక్కుకోమను తల్లీ" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు నాకే వింతగా ఉంది.

లోపల చాప మీద పడుకున్న వాడు, లేవకుండానే అన్నాడు. "మొక్కు ఇరిసినోడు మల్లా ఏ మొగం పెట్టుకుని పోతాడప్పా? ఆ దోవ నువ్వు మూసితివి. నీ దోవలో నాకు నడిసేకి రాకపాయె."

దేవుడున్నాడా లేడా అన్నది కాదిక్కడ. నా అభిప్రాయం అప్పుడూ మారలేదు, ఇప్పుడూ మారలేదు. కానీ పన్నెండు రోజులు ఒక మనిషి బుగ్గను కాపాడిన కంచె అది. లోపల మొక్క వేళ్ళూనకముందే, కంచె అశాస్త్రీయమని పీకేశాను. డాక్టరమ్మ చెప్పిన తెల్లమచ్చ నా కళ్ళ ముందు సున్నం బొట్టులా కదిలింది.

వాడి పక్కన చాప మీద కూర్చున్నాను. ఏం చేద్దాం, ఎలా చేద్దాం అని ఏదో చెబుతూనే ఉన్నాను. వాడు నన్నే చూస్తున్నాడు. తర్వాత నా చేతి వైపు చూశాడు.

"నీ ఏలు సూడప్పా" అన్నాడు.

చూసుకున్నాను. ఫోను ఎప్పుడు తీశానో నాకు తెలియదు. నా ప్రాణస్నేహితుడి నోటి గురించి మాట్లాడుతూ, బొటనవేలితో ఎవరిదో జవాబు చదువుతున్నాను.

"నాది నోట్లో, నీది చేతిలో" అన్నాడు. "నువ్వు అది ఆడ పెడితే, నేను ఇది ఆడ పెడతా." తలగడ కింద నుంచి పొట్లం తీసి మా ఇద్దరి మధ్య చాప మీద ఉంచాడు. నేనూ ఫోను దాని పక్కన పెట్టాను. ఆమె వచ్చి రెంటినీ తీసుకుపోయి జొన్నల డబ్బాలో వేసి, మూత మీద రోలు ఎత్తిపెట్టింది.

"నెత్తురు తాగే రెండు జీవాలు ఒక్క డబ్బాలో పడినాయి" అంది. అప్పటికి ఆమె నాతో మామూలైంది.

ఆసారి నేను నాలుగు రోజులున్నాను. మర్నాటి నుంచి మగ్గం పక్కన ఊరికే కూర్చున్నాను. కాసేపు కండెలు చుట్టబోతే దారం తెగింది, "మాస్టరు గారి లెక్క తప్పినాది" అని ఆమె నవ్వింది. అందుకని చూడడమే పనిగా పెట్టుకున్నాను. ఎంత చూస్తే అంత నిద్రలాగా కమ్ముకునే పని నేత. నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. దుప్పటి మీద నీలం గీత ఒకటి, తర్వాత తెలుపు. కిటికీలో నుంచి పడిన ఎండ పలక పడుగు దారాల మీద మెల్లగా జరిగి, వాడి మోచేతి దాకా వచ్చి, గోడెక్కి, పోతుంది. ఆ లయలో నేను ఎక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి. అట్లా సగం కలలో ఉండగా ఒకటి గమనించాను.

నాడెలో ఉండే చిన్న నూలు చుట్టనే కండె అంటారు. అది అయిపోగానే వాడు మగ్గం ఆపుతాడు. ఎడమ చేత్తో ఖాళీ కండెను తీసి గంపలో వేస్తాడు. కొత్తది అందుకునే ముందు కుడిచేయి జేబు దగ్గరికి పోతుంది. ప్రతిసారీ అంతే. జేబులో ఇప్పుడు ఏమీ లేదు, అయినా చేయి పోతోంది, తడుముకుంటోంది, వెనక్కి వస్తోంది. కోరిక కాదది. కోరికకు వేళాపాళా ఉండదు. ఇది కండె అయిపోయిన చోట మాత్రమే వస్తోంది. నలభై ఏళ్ళుగా వాడు దుప్పట్లతో పాటు దీన్ని కూడా నేస్తున్నాడు.

గూట్లో ఉన్న పుల్లల కట్ట తెచ్చి, వాడి కుడిచేతికి అందేచోట, మేకుకు తగిలించాను. "కండె అయిపోతే ఇది నోట్లో పెట్టుకో. ఇరవై లెక్కపెట్టి తీసేయి. అప్పుడు కొత్త కండె ఎక్కించు" అన్నాను. ఈసారి ఎందుకో, ఏమిటో చెప్పలేదు.

"అంతేనా? ఉపన్యాసం లేదా?" అన్నాడు.

"లేదు."

"జరమొచ్చిందేమో సూడు" అని భార్యతో అన్నాడు.

డబ్బాలోంచి ఫోను తీసుకుని ఆదోనికి వచ్చాక నా కండెలు ఎక్కడెక్కడ అయిపోతున్నాయో నేనూ వెతుక్కున్నాను. టీ గ్లాసు వచ్చేలోపు. బస్సు ఒక ఊళ్ళో ఆగినప్పుడు. పేజీ చివర. వాక్యం రాక కలం ఆగినప్పుడు. ప్రతి ఖాళీలోనూ ఎవరితోనో యుద్ధం పెట్టుకుంటున్నాను. ఫోను ఇంట్లో వదిలేసి, చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోవడం మొదలుపెట్టాను. మొదటి రోజుల్లో ఒక పేజీ చదవడానికి మూడుసార్లు మొదటికి పోవాల్సి వచ్చేది. బడిలో పిల్లలను ఇందుకే తిట్టేవాణ్ణి. చదవలేనప్పుడు కిటికీలోంచి చూసేవాణ్ణి. ఆ దారిలో ఒక చోట మిరప కళ్ళాలుంటాయని, నల్లటి నేల మీద ఎర్రగా ఆరబోస్తారని ఆ చలికాలంలోనే తెలిసింది. ఎన్నేళ్ళుగా పోతున్న దారి అది.

అమావాస్యలు కష్టంగా గడిచాయి. మగ్గం లేదు కాబట్టి కండెలూ లేవు. వాడికి రోజంతా ఒకే ఖాళీ. అందుకని ఆ రోజు ఇద్దరం ఊరి బయట కాలువ గట్టు మీదికి పోయేవాళ్ళం. తుమ్మచెట్టు నీడలో కూర్చుని వాడు నోట్లో పుల్లలు పెట్టుకునేవాడు, నేను పుస్తకం పైకి చదివేవాణ్ణి. నీళ్ళు చప్పుడు లేకుండా పోయేవి. కొన్నిసార్లు నేను చదువుతున్నానా, నీళ్ళే చదువుతున్నాయా అనిపించేది. వాడికి నచ్చనిది వచ్చినప్పుడు చేయి ఊపేవాడు, నోట్లో పుల్లలు కాబట్టి వాదించలేడు. ఈ సంగతి చెబితే వాడి భార్య, "ఇన్నేండ్లకు నీకు తగిన శ్రోత దొరికినాడు పోన్నా" అంది.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. కార్తీకంలో కోడుమూరులో బంధువుల పెళ్ళికి పోయి, అక్కడ అరుగు మీద వరసగా కూర్చున్న వాళ్ళంతా పొట్లాలు చింపుతుంటే తానూ ఒకటి చింపాడు. తర్వాతి అమావాస్యకు తనే చెప్పాడు. "రెండు తింటినప్పా. దాసలేదు. ఆమెకూ సెప్పినా."

నా నాలుక చివర పది వాక్యాలు వచ్చి నిలబడ్డాయి. మింగాను. "ఈ రోజు ఎన్ని పుల్లలు?" అన్నాను.

"పద్దెనిమిది. పోయిన నెల పదహారు."

పుస్తకం తెరిచాను.

మాఘంలో డాక్టరమ్మ దగ్గరికి పోయాం. బయట బెంచి మీద వాడి మోకాలు ఊగుతూనే ఉంది. వాడి భార్య కూడా వచ్చింది. ఎర్ర చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. లోపల డాక్టరమ్మ దీపం వేసి మొదటిసారి కంటే ఎక్కువసేపు చూసింది. మచ్చ పెరగలేదంది. అంచులు కొంచెం పలచబడ్డాయంది. మూడు వేళ్ళు పెట్టమంది. మూడోది పళ్ళకు రాసుకుంటూ, గోరు దాకా పోయి ఆగింది. పూర్తిగా పట్టలేదు. పూర్తిగా పట్టకపోవచ్చు కూడా అని ఆమె ముందే చెప్పింది. మళ్ళీ ఆరు నెలలకు రావాలి, పుల్లలు మానకూడదు, గుట్కా అసలు కూడదు.

"ఎలా మానారు?" అని అడిగింది.

"ఈరన్న దయ, ఈయప్ప నస" అన్నాడు వాడు, నా వైపు చేయి చూపించి.

ఈరన్న విషయంలో నేను అడ్డం పోలేదు. డాక్టరమ్మ నవ్వుతూ చీటీ రాసింది.

"వచ్చే శ్రావణానికి ఉరుకుంద పోతా" అన్నాడు బయటికొచ్చాక. "మొక్కుకోను. ఊరికే పోయి, తప్పయిందని సెప్పి వస్తా." నన్ను ఓరగా చూశాడు, నేనేమంటానోనని.

"బస్సులో నాకూ సీటు పట్టు" అన్నాను. "నేను గుడి బయట కూర్చుంటా."

వాడి భార్య బజారులో పని ఉందని పోయింది. ఎమ్మిగనూరు బస్సు రావడానికి ఇంకా గంట పైనే ఉంది. మేమిద్దరం ఆదోని బస్టాండులో సిమెంటు బెంచి మీద కూర్చున్నాం. మధ్యాహ్నం మూడు దాటింది. కొండ మీది బండలు ఎండలో గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. ఎదురుగా ఒక ముసలామె రేగిపండ్లు కుప్పలు పోసుకుని కునుకు తీస్తోంది. పుస్తకం అయిపోయింది, ఇంకోటి తేలేదు. పుల్లల వేళ కాలేదు. గంటసేపు ఇద్దరికీ చేయాల్సింది ఏమీ లేదు. వాడి కుడిచేయి ఒడిలో వెల్లకిలా పడి ఉంది. నాది బెంచి మీద. రెండూ అక్కడే ఉన్నాయి.

ఆస్పరి బస్సు వచ్చింది, పోయింది. దుమ్ము లేచి, వెలుగులో తేలి, మెల్లగా దిగింది.

అప్పుడు వాడికి ఆవలింత వచ్చింది. ముందు పెదవులు వణికాయి, తర్వాత దవడ కిందికి జారింది, కళ్ళు మూసుకుపోయాయి. బుగ్గ పట్టుకోలేదు. ఎంత తెరుచుకుంటుందో అంతా తెరుచుకుని, కళ్ళ చివర నీళ్ళు తిరిగేదాకా సాగి, చిన్న మూలుగుతో ముగిసింది. వాడు తేరుకుని నా వైపు చూశాడు. ఏమైందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఏదో అనబోయాను. అనలేకపోయాను, నాకూ ఆవలింత వచ్చేసింది.